రెండు ఫ్యాన్ల ఇంటికి 300 యూనిట్లు దాటాయట. ఎవరిని అడగాలి?

కృష్ణాతీరం
మా అక్క వాళ్లు ఒక చిన్న టౌన్‌లో అద్దెకు ఉంటారు. బావ మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. ఇద్దరు పిల్లలు. జూన్ 12న తల్లికి వందనం డబ్బులు (బడికి వెళ్లే పిల్లల కోసం ఏపీ ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసేవి) వీధిలో చాలామందికి పడ్డాయి, అక్కకు పడలేదు. పిల్లకు 13 వేలు చొప్పున 26 వేలు రావాలి. స్కూలు ఫీజుకు, పుస్తకాలకు ఆ లెక్కే వేసుకుని కూర్చున్నారు.

స్టేటస్ చూస్తే అనర్హులు అని ఉంది. కారణం: విద్యుత్ వినియోగం. ఏడాది సగటున నెలకు 300 యూనిట్లు దాటిందట. ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, టీవీ, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్. బిల్లు ఎప్పుడూ వంద యూనిట్ల లోపే. వార్డు సచివాలయంలో కంప్యూటర్ తీసి చూపిస్తే అక్క ఆధార్ మీద మూడు మీటర్లు కనిపించాయి. ఒకటి తన పోర్షన్‌ది, ఒకటి పక్క పోర్షన్‌ది, మూడోది కింద ఓనరు గారి ఇల్లు. ఆ ఇంట్లో రెండు ఏసీలు!

సచివాలయంలో అడిగితే కరెంటాఫీసుకు వెళ్లమన్నారు. కరెంటాఫీసులో అడిగితే పథకాల సంగతి మాకు తెలీదు, సచివాలయంలోనే అడగండి అన్నారు. అన్ని శాఖల వివరాలూ కలిపేశారు, సంతోషమే. మరి ఆ కలపడంలో తప్పు వస్తే సరిచేసే చోటు కూడా ఒకటి ఉండాలి కదా? ఇలా ఎవరికైనా జరిగిందా, ఎలా తేలింది?

ఉప్మాపెసరట్టు
ఓనరు ఏసీ వేసుకుంటే మీ అక్కకు చెమటలు పట్టాయన్నమాట.

లెక్కలమాస్టారు
మీ అక్కగారికి జరిగింది అన్యాయమే. కానీ ఈ వంకతో మొత్తం పరిశీలనే తప్పనకండి. నేను ముప్పై ఏళ్లు ఊళ్లలో ఉద్యోగం చేసినవాణ్ణి. తెల్ల కార్డు లేని ఇల్లు ఉండేది కాదు. డాబా మీద డాబా వేసినవాడికీ తెల్ల కార్డే, కొడుకు సెక్రటేరియట్‌లో ఉద్యోగం చేస్తున్నా తల్లికి పింఛనే. ఎవరు అడిగితే వాడికి శత్రుత్వం. ఇప్పుడు కంప్యూటర్ అడుగుతోంది, దానికి కులం లేదు, పార్టీ లేదు. నెలకు ఆదాయం పల్లెల్లో 10 వేలు, టౌన్‌లో 12 వేలు, మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, నాలుగు చక్రాల బండి, ఇన్‌కమ్ ట్యాక్స్, ప్రభుత్వోద్యోగం, టౌన్‌లో వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, కరెంటు 300 యూనిట్లు. ఇవి ఉన్నా, దాటినా పథకం రాదు. ఇందులో అన్యాయమైన షరతు ఏదో చెప్పండి.

సిక్కోలు_చిట్టి
షరతు ఏదీ అన్యాయం కాదు మాస్టారూ. ఆ వివరాలు ఎవరివి అన్నదే ఇక్కడ పేచీ.

డీఏ_డైరీ
నేను ఒక సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని. ఎక్కడ అని అడగకండి 🙂

కృష్ణాతీరం గారూ, మీ అక్కను తిప్పడం మా వాళ్లకు సరదా కాదండి. మా లాగిన్‌లో ఆ మూడు మీటర్లు కనిపిస్తాయి అంతే. తీసేసే బటన్ మాకు లేదు. కరెంటు వివరాలు కరెంటు వాళ్లవి, పొలం వివరాలు రెవెన్యూ వాళ్లవి, బండి రవాణా వాళ్లది. అన్నీ పైన ఎక్కడో కలుస్తాయి, మా దగ్గరకు వచ్చేసరికి అర్హులు, అనర్హులు అనే ఒక్క మాట మిగులుతుంది. ఆ మాట జనానికి చెప్పాల్సింది మేము. తిట్లు తినాల్సిందీ మేమే.

చేయాల్సింది ఇది. ముందు ఆ మూడు సర్వీసు నంబర్లు మా వాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి. అవి పట్టుకుని ఆ ఏరియా కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసుకు వెళ్లి, రెండు మీటర్ల నుంచి అక్క ఆధార్ తీసేయమని అర్జీ ఇవ్వండి. అద్దె ఇల్లని ఓనరు సంతకం ఉంటే మంచిది. తీసేశాక ఆ కాగితంతో సచివాలయంలో గ్రీవెన్స్ పెట్టించండి. పథకం పేరు చెప్పకుండా ఆధార్ తొలగింపు అని మాత్రమే అడగండి, అప్పుడు మాకు సంబంధం లేదనే మాట రాదు.

మీటర్_మామ
పైనాయన చెప్పింది కరెక్టు. నేను లైన్ మీద పనిచేసేవాణ్ణే కాబట్టి లోపలి మాట చెప్తా. ఆధార్ సీడింగ్, అంటే మీటరుకు ఆధార్ నంబరు తగిలించడం, అన్నప్పుడు మా మీద టార్గెట్ ఉంటది. రోజుకు ఇన్ని మీటర్లు కావాలంటారు. గేటు కొడితే ఓనరు ఇంట్లో ఉండడు. ఎవరు తలుపు తీస్తే వాళ్ల ఆధార్ రాసుకునేవాళ్లు ఉన్నారు. బిల్డింగ్‌లో నాలుగు మీటర్లు ఒకే బోర్డు మీద ఉంటే నాలుగింటికీ అదే నంబరు ఎక్కించిన ఘనులూ ఉన్నారు. అప్పట్లో ఆ నంబరు చూసి పిల్లల డబ్బులు ఆపుతారని ఎవరికీ తెలీదు. సీడింగ్ శాతం పెరిగితే చాలు అనుకున్నారు.

ఉప్మాపెసరట్టు
తలుపు తీసిన పాపానికి మూడు మీటర్లా! ఇకమీదట బెల్లు కొడితే ముందు కిటికీలోంచి చూడాలి.

ఓరుగల్లు_పోరడు
మీకు కనీసం ఆధార్ నంబరు పట్టుకుని కలిపిన్రు. మా తెలంగాణ దిక్కు అది కూడా లేదు. సమగ్ర వేదిక అని ఒకటుంది. 2014 ఆగస్టు 19న ఒక్కరోజుల చేసిన సమగ్ర కుటుంబ సర్వే యాదికుంది కదా, దాని తర్వాత వచ్చిన ముచ్చట. ముప్పై దాకా శాఖల లెక్కలను పేరు, తండ్రి పేరు, అడ్రసు చూసి కంప్యూటరే కలుపుతది. ఈ యాదగిరి, ఆ యాదగిరి ఒక్కరే అయి ఉండొచ్చు అని అదే నిర్ణయిస్తది.

మా మేనమామకు రేషన్ కార్డు పోయింది. కారణం ఏందంటే కారున్నదట. ఆయన కారు నడుపుతడు, నిజమే. జీతానికి! కారు షావుకారుది. సారు పేరూ ఈయన పేరూ ఒకటే.

సిక్కోలు_చిట్టి
మన పేర్లతో ఆ ఆట ఆడకూడదు. మా ఊళ్లో అప్పారావు అని పిలిస్తే సగం వీధి తిరిగి చూస్తుంది. అందులోనూ ఇంగ్లీషులో ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు.

లెక్కలమాస్టారు
ఓరుగల్లు తమ్ముడూ, అది ఒక్క కేసు. ఒకరిద్దరికి జరిగిందని వ్యవస్థనే తప్పుపడితే ఎలా?

ఓరుగల్లు_పోరడు
ఒక్క కేసు కాదు మాస్టారూ. రద్దయిన కార్డులు 19 లక్షల దాకా ఉన్నయి. సుప్రీంకోర్టుకు పోయింది. 2022 ఏప్రిల్‌ల కోర్టు ఏమన్నది? కంప్యూటర్ చెప్పిందని కొట్టేసుడు కాదు, ఇంటికి పోయి మళ్లా చూడున్రి అన్నది. అందరూ అర్హులే అని నేనంటలే. అడగకుండా తీసేసిన్రు అన్నదే నా బాధ.

మెల్‌బోర్న్_మామిడి
ఇది చదువుతుంటే ఇక్కడి రోబోడెట్ గుర్తొస్తోంది. ఆస్ట్రేలియాలో నిరుద్యోగులకు, చదువుకునే పిల్లలకు ప్రభుత్వం పదిహేను రోజులకోసారి భృతి ఇస్తుంది. ఆ పదిహేను రోజుల్లో ఎంత సంపాదించారో వాళ్లే చెప్పాలి. 2016 నుంచి ఏం చేశారంటే, ట్యాక్స్ ఆఫీసు దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని తెచ్చి 26 భాగాలు చేశారు. అంటే వేసవిలో కొన్ని వారాలు గట్టిగా పనిచేసి, మిగతా ఏడాది ఖాళీగా ఉన్న పిల్లాడు కూడా ఏడాదంతా సమానంగా సంపాదించినట్టు లెక్క. చెప్పినదానికీ దీనికీ తేడా వస్తే మీరు ప్రభుత్వానికి బాకీ అని నోటీసు. కాదని నిరూపించుకోవాల్సింది మనమే, ఎప్పటివో పాత పేస్లిప్పులు తెచ్చి!

చివరికి అది చట్టవిరుద్ధమని తేలింది, డబ్బు వెనక్కిచ్చారు, రాయల్ కమిషన్ అనే విచారణ సంఘం వేసి 2023 జులైలో రిపోర్టు ఇచ్చారు. రెండు శాఖల వివరాల్లోనూ తప్పు లేదు, గమనించండి. కలిపిన పద్ధతే తప్పు. అంతకుముందు తేడా వస్తే మనిషి కూర్చుని చూసేవాడు. ఆ మనిషిని తీసేసి మెషీన్‌కు వదిలేశారు.

లెక్కలమాస్టారు
ఇది ఆలోచించాల్సిన మాటే. అయినా మన దగ్గర బాకీ అని వసూలు చేయడం లేదు కదా, ఇవ్వడం ఆపుతున్నారు అంతే.

సిక్కోలు_చిట్టి
ఆపడం అంతే అంటారేంటి మాస్టారూ! 26 వేలు ఆ ఇంటికి ఎన్ని నెలల అద్దె?

నేను ఇంకో వైపు కూడా చెప్తాను, లేకపోతే తిట్టడానికే వచ్చాననుకుంటారు. మా అమ్మకు పింఛను 4 వేలు ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికే తెచ్చి ఇస్తారు. ఒకటి సెలవైతే ముందురోజే. ఇదివరకు పంచాయతీ ఆఫీసు అరుగు మీద రోజంతా పడిగాపులు. అమ్మ జీడిపిక్కలు ఒలిచే పని చేసింది, ఆ జీడికి వేళ్ల మీద గీతలు పోయాయి. వేలిముద్ర పడదు. ఇప్పుడు ఫోన్ ముందు పెట్టి ముఖం ఫోటో తీస్తారు, కళ్లు ఆర్పమంటారు, అయిపోయింది. అమ్మ ఆ రోజు తల దువ్వుకుని బొట్టు పెట్టుకుని రెడీగా ఉంటుంది, ఫోటో అని.

ఉప్మాపెసరట్టు
అమ్మగారికి నా తరఫున ఒక లైకు.

డీఏ_డైరీ
చిట్టి గారూ, ఈ మాట మా వాళ్లందరికీ చూపిస్తా. నెట్‌వర్క్ లేని వీధిలో ఫోన్ పైకెత్తుకుని మేడ మీదికి ఎక్కేది మేమేనండి.

పాతకాపు
2001లో ఈ-సేవ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఉన్నాను. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, జనన ధ్రువపత్రం అన్నీ ఒకే కౌంటర్లో. టోకెన్ తీసుకుని ఏసీలో కూర్చుంటే మేమేదో విమానాశ్రయంలో ఉన్నామనుకునేవాళ్లం. 2011లో మీసేవ వచ్చింది, కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది. ఇప్పుడు ఏపీలో వాట్సాప్‌లోనే, మన మిత్ర అని, 2025 జనవరి 30న 161 సేవలతో మొదలెట్టారు. మనవరాలి హాల్ టికెట్ అందులోనే తీశాను.

కానీ ఇవన్నీ మనం అడిగితే ఇచ్చే సేవలు. అడగకుండానే మన గురించి నిర్ణయించేవి వేరు. కిటికీ అటువైపు ఏం జరుగుతోందో ఆ రోజుల్లో కనీసం గుమస్తా మొహం చూస్తే తెలిసేది.

ఓరుగల్లు_పోరడు
గుమస్తా మొహం చూసి చెయ్యి తడిపేటోళ్లం కూడా బాబాయ్, అది చెప్పరేంది 😄

పాతకాపు
తడిపాం నాయనా, కాదనను.

బాల్టిక్_బావ
నేను కొన్నాళ్లు టాలిన్‌లో పనిచేశాను. ఎస్టోనియాలో శాఖలు వివరాలు ఇచ్చిపుచ్చుకోవడానికి 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే ఏర్పాటు ఉంది. అన్ని వివరాలూ ఒక పెద్ద డబ్బాలో పోయరు. ఏ శాఖవి ఆ శాఖ దగ్గరే ఉంటాయి, కావలసినప్పుడు ఒకరినొకరు అడుగుతారు, ఆ అడిగిన రికార్డు మిగులుతుంది. నా వివరాలు ఏ ఆఫీసు ఎప్పుడు చూసిందో నేనే లాగిన్ అయి చూసుకోవచ్చు. ఒకసారి ప్రభుత్వానికి ఇచ్చిన సమాచారం మళ్లీ అడగకూడదనేది అక్కడి నియమం.

మన దగ్గర అదే లోటు. అక్క ఆధార్‌ను ఒక మీటరుకు తగిలించినప్పుడు అక్క ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చి ఉంటే ఆ రోజే గొడవ తేలిపోయేది.

లెక్కలమాస్టారు
ఎస్టోనియా మొత్తం జనాభా 13 లక్షల చిల్లర. మన పల్నాడు జిల్లా అంత కూడా లేదు. అక్కడి నియమాలు ఇక్కడ పెడితే నడవవు.

బాల్టిక్_బావ
గ్యాస్ బుక్ చేస్తే మెసేజ్ వస్తోంది, బ్యాంకులో వంద రూపాయలు కదిలితే వస్తోంది. అంతమంది జనానికే కదా మాస్టారూ ఇవి పంపేది?

మీటర్_మామ
మెసేజ్ ఐడియా బాగుంది. మా మీద అరుపులు సగం తగ్గుతాయి.

కృష్ణాతీరం
అప్‌డేట్. డీఏ_డైరీ గారు చెప్పినట్టే సర్వీసు నంబర్లు రాయించుకుని బావ ఏఈ ఆఫీసుకు వెళ్లాడు. అర్జీ తీసుకున్నారు. అయితే ఆ రెండు మీటర్లకూ ఓనరు ఆధార్ ఇస్తేనే అక్కది తీస్తామన్నారట, ఖాళీగా ఉంచకూడదట. ఓనరు గారిని అడిగితే మొహం ముడుచుకున్నారు. ఇవాళ చూద్దాం, రేపు చూద్దాం అంటున్నారు. ఎందుకో పక్కింటావిడ చెప్పింది. ఆయన వాళ్ల అమ్మగారికి పింఛను వస్తోందట! అందరూ ఒకే కుటుంబంగా నమోదై ఉన్నారు. ఏసీల మీటరు ఆయన పేరు మీదికి వెళ్తే ఆ పింఛనుకు ఎసరు.

ఉప్మాపెసరట్టు
అమ్మ ఓనరూ!!!

సిక్కోలు_చిట్టి
మాస్టారూ, వింటున్నారా? 300 యూనిట్ల షరతు ఎవరికోసం పెట్టారో ఆయన నిమ్మళంగా ఉన్నాడు.

లెక్కలమాస్టారు
వింటున్నానమ్మా. ఆయన మీద ఫిర్యాదు చేయాలి. ఇక్కడ తప్పు మనిషిది.

డీఏ_డైరీ
మనిషిదే. కానీ ఇది కంప్యూటర్‌కు ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే దాని లెక్క ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మా వీధి వెల్ఫేర్ అసిస్టెంటును అడిగితే నిమిషంలో చెప్తుంది, ఏ ఇంట్లో ఏసీ ఉందో. ఆమెను ఎవరూ అడగరు, ఆమె చెప్పినా ఎక్కించడానికి కాలమ్ లేదు.

జవాబుదారీ
ఆలస్యంగా వచ్చాను, కానీ ఈ మాట దగ్గర ఆగలేకపోయాను. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో తిరిగాను. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టారు, దేశమంతా వచ్చి చూసి వెళ్లేది. పద్ధతి చాలా మామూలుది. మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, కంప్యూటర్లోంచి తీసి, ఊళ్లోకి తీసుకెళ్లి, ఇంటింటికీ చూపించి, తర్వాత రచ్చబండ దగ్గర మైకులో చదవడం. ఫలానా ఆయన పన్నెండు రోజులు మట్టి పని చేశాడు అని చదివామనుకోండి, వెనక నుంచి ఒక ముసలమ్మ లేచి, ఆయన చచ్చిపోయి రెండేళ్లయింది నాయనా అనేది. అంతే, ఆ హాజరు రాసిన ఫీల్డ్ అసిస్టెంటు మొహం చూడాలి.

కంప్యూటర్ మస్టర్ లేకపోతే మాకు ఆ జాబితా దొరికేది కాదు, ఆ ముసలమ్మ లేకపోతే అందులో తప్పు దొరికేది కాదు. రెండూ కావాలి. ఇప్పుడు మొదటిది ఉంచుకుని రెండోది వదిలేశారు. పథకం ఆపే ముందు ఆ అనర్హుల జాబితా, కారణంతో సహా, ఊళ్లో చదవాలని నా వాదన.

డీఏ_డైరీ
జాబితాలు సచివాలయం బోర్డు మీద పెడుతున్నామండీ, సామాజిక తనిఖీ అని పేరే ఉంది. చూడ్డానికి ఎవరూ రారు. డబ్బు పడనప్పుడే వస్తారు.

జవాబుదారీ
బోర్డు మీద అతికిస్తే తనిఖీ కాదు బాబూ. చదవాలి, వినాలి.

మెల్‌బోర్న్_మామిడి
ఒక్క అనుమానం. ఫలానా ఆవిడకు కరెంటు ఇంత, పొలం ఇంత, కొడుకు ట్యాక్స్ కడతాడు అని మైకులో చదవడం ఎంతవరకు సబబు? ఒంటరి మహిళలు, హెచ్ఐవీ ఉన్నవాళ్లు కూడా ఈ జాబితాల్లో ఉంటారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. రాయితీలు, పథకాల కోసమైతే ప్రభుత్వం మళ్లీ మన అనుమతి అడగక్కర్లేదని అందులోనే ఉంది. అందుకే మిగతా జాగ్రత్త మనమే పడాలి.

జవాబుదారీ
ఆరోగ్యం సంగతులు చదవకూడదు, ఒప్పుకుంటాను. మీటరు, కారు, పొలం అయితే చదవాలి. ఊళ్లో అవి ఎవరికీ రహస్యం కావు.

సిక్కోలు_చిట్టి
మా ఊళ్లో చదివితే అప్పు తీర్చనివాళ్ల గొడవలన్నీ అక్కడే తేలతాయి. నేను మాత్రం వద్దంటాను. మనిషికి ఫోన్ చేసి, పది రోజులు గడువిచ్చి, ఆ లోపల డబ్బు ఆపకుండా ఉంటే చాలు.

లెక్కలమాస్టారు
ఆపకుండా అంటే దొంగ కూడా ఆ పది రోజులూ తింటాడు.

సిక్కోలు_చిట్టి
తిననివ్వండి. అలా తిన్నవాడి దగ్గర తర్వాత వసూలు చేసుకోవచ్చు. డబ్బు రాని పిల్లకు జూన్‌లో ఫీజు ఎవరు కడతారు?

లెక్కలమాస్టారు
సరే, పాత లబ్ధిదారులకైతే ఆ గడువు ఇవ్వచ్చు. కొత్తగా అర్జీ పెట్టేవాళ్లకు మాత్రం ముందు పరిశీలన ఉండాల్సిందే. ఇంతకంటే నేను దిగిరాను.

పాతకాపు
మాస్టారు ఇంత దిగిరావడం ఈ వేదికలో ఇదే మొదటిసారి అనుకుంటా.

మీటర్_మామ
కృష్ణాతీరం తమ్ముడూ, ఓనరు ఆధార్ ఇస్తేనే తీస్తామన్నది నోటి మాటేనా? నాకు తెలిసినంతలో అలాంటి పట్టింపు ఉండకూడదు. ఎవరి ఆధార్ తప్పుగా ఎక్కిందో వాళ్లు అడిగితే తీయాలి. అర్జీ మీద తీయలేం, కారణం ఇదీ అని రాసి ఇవ్వమనండి. రాయమనేసరికి పని అయిపోతుంది, చూడండి.

ఓరుగల్లు_పోరడు
అది కాకపోతే సోమవారం కలెక్టరేట్‌కు పోవాలె. మాకు ప్రజావాణి ఉన్నది, మీకు కూడా ఉంటది కదా.

డీఏ_డైరీ
ఉంది, సోమవారం పీజీఆర్ఎస్ అని అర్జీలు తీసుకుంటారు. అక్కడ అర్జీ రెండు శాఖల పేర్లూ రాసి ఇవ్వండి, కరెంటు ఒకటి, సచివాలయాల శాఖ ఒకటి. ఒక్కదాని పేరే రాస్తే ఆ శాఖ తనది కాదని మూసేస్తుంది. అర్జీ నంబరు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఓనరు సంగతి అందులో ఇరికించకండి, అది వేరే గొడవ, అక్క వాళ్లు ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది.

కృష్ణాతీరం
అదే భయం. బావ కూడా ఓనరు జోలికి వద్దంటున్నాడు. స్కూలు దగ్గర్లో ఆ అద్దెకు ఇంకో పోర్షన్ దొరకదు. సోమవారం వెళ్తున్నారు. రాసి ఇవ్వమని అడగమని చెప్పాను.

బాల్టిక్_బావ
అడిగే పనిలో అడగండి, అక్క ఆధార్ మీద ఇంకా ఏమేం తగిలించి ఉన్నాయో. పొలం, బండి కూడా. ఒకటి తీసేస్తే ఇంకోటి బయటపడుతుంది.

ఉప్మాపెసరట్టు
పొలం బయటపడితే అమ్మేసి ఓనరు ఇల్లే కొనేయొచ్చు.

కొత్తసభ్యురాలు_07
ఇక్కడే అడుగుతున్నా, కోప్పడకండి. మా ఆయన పాత కారు అమ్మేసి చాలా కాలమైంది, కొన్నవాళ్లు పేరు మార్చుకోలేదు. మాకూ నాలుగు చక్రాలు అని వస్తోంది. అది టాక్సీగా తిరుగుతోందట ఇప్పుడు. టాక్సీకి మినహాయింపు ఉందంటారు కదా, మాకు వర్తిస్తుందా?

డీఏ_డైరీ
టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది కానీ, రిజిస్ట్రేషన్లో పసుపు ప్లేటుగా మారి ఉండాలి. తిరిగితే సరిపోదు. ముందు మీ ఆయన పేరు మీద ఆర్సీ ఇంకా ఉందో లేదో ఎమ్‌పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. అమ్మినప్పటి కాగితం ఏమైనా ఉందా?

కొత్తసభ్యురాలు_07
వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నారు. ఎక్కడ పెట్టారో వెతుకుతున్నారు.

నిర్వాహకుడు
కారు ప్రశ్నకు విడిగా ఒక చర్చ తెరిచాను, జవాబులు అక్కడ రాయండి. ఉప్మాపెసరట్టు గారూ, మీరు కూడా.